వేర్వేరు కాంతుల్లో తీసిన ఫోటోలు కలిపి ఆకాశ చిత్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఫోటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. పగలంతా పెళ్లి ఆల్బమ్‌లు. రాత్రి అదే కంప్యూటర్ మీద హబుల్, వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపుల డేటా తెరిచి నెబ్యులాల చిత్రాలు చేస్తాను. నెబ్యులా అంటే నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువు, ధూళి మేఘం. స్టూడియో గోడ మీద పెట్టిన చిత్రాలు చూసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ఏళ్లుగా దాదాపు ఒకటే. జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

"ఏటి బాబూ, ఇవి నిజం రంగులేనేటి? నువ్వే ఏసీసినావా?"

ఆమదాలవలస నుంచి మనవరాలి పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చిన ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. అందరూ అడిగేది ఇదే కాబట్టి ఆయన మాటల్లోనే ఉంచాను.

రంగు నేనే వేశాను తాతా, కానీ నా ఇష్టానికి వేయలేదు. టెలిస్కోపు పంపేది నలుపు తెలుపు ఫోటోలే. ఒక్కో ఫోటో ఒక్కో రకం కాంతిలో తీసింది. ఏ చుక్క దగ్గర ఎంత వెలుగు ఉందన్నది కొలిచిన లెక్క, మసకది కనిపించేలా పెంచుతాను తప్ప అందులో లేనిది చేర్చను. ఏ ఫోటోకి ఏ రంగు ఇవ్వాలన్నది మాత్రం నా చేతిలో ఉంటుంది. దానికీ ఒక పద్ధతి ఉంది, కింద చెప్తాను. చిత్రంలో ఒకచోట ఎరుపు, పక్కన నీలం కనిపిస్తే ఆ రెండు చోట్లా ఉన్న కాంతి నిజంగానే వేరు. ఆ తేడాని నేను పుట్టించలేదు.

"దగ్గరికి వెళ్తే ఇలాగే కనిపిస్తుందా?" అని కూడా అడుగుతారు. కనిపించదు. మసక వెలుతురులో మన కంటికి రంగులు అందవు. అమావాస్య రాత్రి పెరట్లో మందార పువ్వు ఏ రంగులో కనిపిస్తుందో గుర్తు చేసుకోండి. నెబ్యులాకి దగ్గరగా వెళ్తే అది పెద్దగా కనిపిస్తుంది తప్ప, దాని మీది వెలుగు చిక్కబడదు. ఓరియన్ నెబ్యులా పక్కన నిలబడినా మన కంటికి బూడిద రంగు పొగలాగే ఉంటుంది. కాబట్టి "కంటికి కనిపించినట్టు ఉందా" అన్నది ఈ చిత్రాలకి సరైన పరీక్ష కాదు. "ఏ రంగు దేనికి ఇచ్చారో చెప్పారా" అన్నది సరైన పరీక్ష.

కెమెరా ఒక్కసారే రంగుల్లో తీసేయొచ్చు కదా?

మన ఫోన్‌లో సెన్సర్ మీద సన్నటి రంగు గళ్లు అంటించి ఉంటాయి. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. ఏ పిక్సెల్ అయినా ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండు రంగుల్ని ఫోన్ పక్క పిక్సెళ్లని బట్టి అంచనా కడుతుంది. పెళ్లి ఫోటోకి ఇది చాలు. కొన్ని వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే కొద్దిపాటి కాంతికి చాలదు. అందుకే టెలిస్కోపులో సెన్సర్ మొత్తానికీ ఒకే ఫిల్టర్ అడ్డుపెట్టి ఒక ఫోటో, ఫిల్టర్ మార్చి ఇంకో ఫోటో తీస్తారు.

ఈ ఉపాయం పాతదే. 1861లో మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక గళ్ల రిబ్బన్‌ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫోటో తీయించి, మూడింటినీ అవే ఫిల్టర్లతో ఒకే తెర మీద పడేలా వేసి చూపించాడు. ఆ ఫోటోలు తీసింది థామస్ సటన్. ఇప్పటి పని అంతా ఆ పునాది మీదే నడుస్తోంది.

అసలు కంటికి కనిపించని కాంతికి రంగు ఎలా ఇస్తారు?

బొబ్బిలి వీణ విన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కీర్తనని ఏ శ్రుతిలో వాయించినా కీర్తన మారదు. స్వరాల మధ్య దూరాలు అలాగే ఉంటాయి, మొత్తం పైకో కిందికో జరుగుతుందంతే. మేం చేసేదీ శ్రుతి మార్చడమే.

మన కంటికి అందేది సుమారు 0.38 నుంచి 0.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వరకే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో పొట్టి తరంగం ఊదా, నీలం వైపు ఉంటుంది, పొడుగు తరంగం ఎరుపు వైపు. వెబ్ టెలిస్కోపు చూసేది 0.6 నుంచి 28 మైక్రాన్ల దాకా, అంటే ఎక్కువగా పరారుణ కాంతి. వెబ్ ఫోటోల్లో అన్నిటికంటే పొట్టి తరంగానికి నీలం, అన్నిటికంటే పొడుగు దానికి ఎరుపు ఇస్తాం, మధ్యవి మధ్యలో వస్తాయి. 2022 జులైలో విడుదలైన కెరీనా నెబ్యులా చిత్రానికి ఆరు ఫిల్టర్లు వాడారు. అందులో 0.9 మైక్రాన్ల ఫోటోకి నీలం, 4.4 మైక్రాన్ల ఫోటోకి ఎరుపు ఇచ్చారు.

ఈ వరసని అప్పుడప్పుడు తప్పించేవాళ్లూ ఉన్నారు. ఒక ప్రత్యేకమైన వాయువుని విడిగా చూపించాల్సి వస్తే అర్థం చేసుకుంటాను. అందం కోసమే అయితే నాకు నచ్చదు. అలా చేసినప్పుడు ఆ సంగతి రాసిపెట్టాలి.

"సృష్టి స్తంభాలు" చిత్రంలో ఆ ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈగిల్ నెబ్యులాలోని ఆ స్తంభాలని హబుల్ 1995 ఏప్రిల్ 1న తీసింది. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ ఆ చిత్రాన్ని తయారుచేశారు. వాడినవి మూడు సన్నటి ఫిల్టర్లు: ఆక్సిజన్ వెలుగు కోసం 502 నానోమీటర్లు (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రాన్), హైడ్రోజన్ కోసం 656, సల్ఫర్ కోసం 673.

వేడెక్కిన ప్రతి వాయువూ తనకంటూ కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరే గట్టిగా వెలుగుతుంది. ఈ విద్యకి మన గుంటూరుతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతి, కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపులో మెరిసే గీతలుగా విడిపోయింది. హీలియం వాయువుని కనిపెట్టిన కథ ఆ గ్రహణం దగ్గరే మొదలవుతుంది. సన్న ఫిల్టర్ చేసే పని అలాంటి ఒక్క గీత చుట్టూ ఉన్న కాంతిని మాత్రం లోపలికి రానివ్వడం.

ఇప్పుడు చిక్కు చూడండి. హైడ్రోజన్ 656, సల్ఫర్ 673. రెండూ ఎరుపే. కంటి రంగులే ఉంచితే రెండూ కలిసిపోయి ఏది ఎక్కడుందో తెలియదు. అందుకని ఆక్సిజన్‌కి నీలం, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, సల్ఫర్‌కి ఎరుపు ఇచ్చారు. 502, 656, 673: నీలం, ఆకుపచ్చ, ఎరుపు. తరంగాల వరస తప్పలేదు, వాటి మధ్య ఎడం మాత్రం పెంచారు. నెబ్యులాలో హైడ్రోజనే ఎక్కువ కాబట్టి ఆకుపచ్చ కమ్మేస్తుంది. చాలామంది తర్వాత దాన్ని బంగారు రంగు వైపు కాస్త జరుపుతారు.

ఆ చిత్రం ఒక మూల మెట్లలాగా కోసేసినట్టు ఉంటుంది. అది డిజైన్ కాదు. అప్పటి కెమెరాలో ఉన్న నాలుగు సెన్సర్లలో ఒకటి కాస్త జూమ్‌లో చూసేది. దాని ఫోటోని మిగతా వాటి కొలతకి కుదిస్తే ఆ మూల ఖాళీ మిగిలింది.

ఈ డేటా ఎక్కడ దొరుకుతుంది? డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. హబుల్, వెబ్ డేటా మొత్తం మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఉంది. కొత్తగా తీసిన వాటిని కొన్నాళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడాది పాటు, అడిగి తీయించుకున్న శాస్త్రవేత్తలకే ఉంచుతారు. తర్వాత అందరికీ తెరిచేస్తారు. 2015 సెప్టెంబరు 28న మన ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్ డేటా కూడా ఇస్రో వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో అతినీలలోహిత కాంతిని చూసే టెలిస్కోపు ఉంది. గెలాక్సీల చేతుల్లో కొత్తగా పుట్టిన నక్షత్రాలు ఆ కాంతిలో బాగా కనిపిస్తాయి.

ఫిల్టర్ పేరు చదవడం ఒకసారి నేర్చుకుంటే సగం భయం పోతుంది. హబుల్‌లో ఎఫ్656ఎన్ అంటే 656 నానోమీటర్ల దగ్గర సన్న ఫిల్టర్. చివర డబ్ల్యూ ఉంటే వెడల్పైనది. వెబ్‌లో ఎఫ్200డబ్ల్యూ అంటే 2.00 మైక్రాన్లు. ఫైళ్లు వందల ఎంబీ ఉంటాయి, కాబట్టి మొబైల్ డేటా మీద పెట్టకండి.

ఫైలు తెరిస్తే అంతా నల్లగా ఉంది. పాడైపోయిందా?

లేదు. మొదటిసారి నాకూ అదే టెన్షన్. రెండుసార్లు మళ్లీ డౌన్‌లోడ్ చేశాను.

ఈ ఫైళ్లని ఫిట్స్ అంటారు. మామూలు ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లుంటే ఇందులో వేలు, లక్షలు. నక్షత్రం వెలుగు పక్కన నెబ్యులా వెలుగు వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే పది తెల్ల చుక్కలు, మిగతా అంతా చీకటి. అందుకని మసకగా ఉన్నదాన్ని ఎక్కువగా, వెలుగు ఉన్నదాన్ని తక్కువగా పెంచుతాం. దీన్నే స్ట్రెచ్ అంటారు. ఫిట్స్ లిబరేటర్, సిరిల్, రెండూ ఉచితమే, రెండూ ఈ పని చేస్తాయి.

ఇక్కడ తొందర పనికిరాదు. కింద హిస్టోగ్రామ్ అని, ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపించే ఒక గుట్ట కనిపిస్తుంది. అది మొదట ఎడమ గోడకి అతుక్కుని సూదిలాగా ఉంటుంది. స్ట్రెచ్ పెంచుతుంటే మెల్లగా గోడ వదిలి కుడివైపు వాలుతుంది. అప్పుడే నల్లటి తెర మీద ముందు ఒక మరక, తర్వాత పొగ, ఆ పొగలో స్తంభం అంచు తేలుతుంది. నలుపు కూడా పూర్తి నలుపు కాకుండా కాస్త పైన ఉంచండి. గోడకి తగిలించి కోసేస్తే ఆ చీకట్లో ఉన్న పల్చటి ధూళి ఇంక తిరిగి రాదు.

లేయర్లు ఎలా కలపాలి? అన్నీ వివరంగా చెప్పండి.

ఆల్బమ్ పని వచ్చినవాళ్లకి ఇందులో కొత్త పరికరం ఏదీ లేదు. ఫోటోషాప్ ఉంటే సరే, లేకపోతే ఉచితంగా వచ్చే గింప్ చాలు.

ఆక్సిజన్, హైడ్రోజన్, సల్ఫర్ మూడు ఫిట్స్ ఫైళ్లనీ స్ట్రెచ్ చేసి, 16 బిట్ టిఫ్‌గా దాచుకోండి. 8 బిట్‌లో దాస్తే 256 మెట్లే మిగులుతాయి, తర్వాత కర్వ్స్ (వెలుగుని సర్దే గీత) లాగినప్పుడు ఆకాశంలో మెట్లు పడతాయి. మూడింటినీ ఒకే ఫైల్లో లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా, పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, నక్షత్రం మీద నక్షత్రం సరిగ్గా కూర్చోవడం. శుభలేఖలు కొట్టే ప్రెస్‌లో దీన్ని రిజిస్ట్రేషన్ అంటారు. పొద్దున పేపర్‌లో ఎప్పుడైనా హీరో పెదవుల పక్కన ఎరుపు నీడ ఇంకో పెదవిలాగా కనిపిస్తుంది చూశారా? ఒక రంగు ప్లేటు వెంట్రుకవాసి జరిగితే అలా అవుతుంది. ఇక్కడా అంతే. నా మొదటి చిత్రంలో ప్రతి నక్షత్రానికీ ఒక వైపు ఎర్ర అంచు, మరో వైపు నీలి అంచు వచ్చాయి. దాన్ని ఏదో శాస్త్రీయ విశేషం అనుకుని రెండు రోజులు సంబరపడ్డాను. మూడో రోజు 400 శాతం జూమ్ చేస్తే తెలిసింది, ఒక లేయర్ మూడు పిక్సెళ్లు పక్కకి ఉంది. ఒక్క మూల సరిపోతే చాలదు, నాలుగు మూలల్లోనూ, నడిమధ్యనా ఒక్కో నక్షత్రం చూసుకోండి. చేత్తో కుదరకపోతే సిరిల్ నక్షత్రాలని గుర్తుపట్టి తనే సరిచేస్తుంది.

తర్వాత ఆక్సిజన్ లేయర్‌కి నీలం, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, సల్ఫర్‌కి ఎరుపు ఇచ్చి పై లేయర్లని స్క్రీన్ మోడ్‌లో పెట్టండి. స్క్రీన్‌లో వెలుగు మీద వెలుగు కలుస్తుంది, పై లేయర్‌లోని చీకటి కింద ఉన్నదాన్ని మూసేయదు. మూడో లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని కనిపించేలా చేసిన క్షణంలో చిత్రం మొత్తం ఒక్కసారిగా రంగు తేలుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం కోసం నేను కుర్చీలో ముందుకి జరుగుతాను.

మిగిలింది సర్దుబాటు. ఆక్సిజన్ మసకగా ఉంటే దాన్ని ఒక్కదాన్నే కర్వ్స్‌లో కొంచెం లేపవచ్చు. అలా ఎక్కువ లేపితే నక్షత్రాలు వంగపండు రంగుకి తిరుగుతాయి, చూసుకోండి.

మూడే లేయర్లు ఉండాలా?

ఎన్నైనా ఉండొచ్చు. రెండుతో కూడా చేయొచ్చు, కాకపోతే రంగులు పేదగా ఉంటాయి. ఆరు దాటితే నాకు బురదలాగా అయిపోతుంది.

వేర్వేరు టెలిస్కోపుల ఫోటోలు కలపవచ్చా?

కలపవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. క్రాబ్ నెబ్యులా తీసుకోండి. 1054లో చైనా వాళ్లు కొత్త నక్షత్రంగా రాసుకున్న పేలుడు తాలూకు శకలం అది. 2017లో విడుదల చేసిన చిత్రంలో ఐదు కాంతులు కలిపారు: రేడియోకి ఎరుపు, పరారుణానికి పసుపు, కంటి కాంతికి ఆకుపచ్చ, అతినీలలోహితానికి నీలం, ఎక్స్ కిరణాలకి ఊదా. ఎక్స్ కిరణాల ఫోటో చంద్ర టెలిస్కోపుది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టింది దానికే. ఒక్కో పొర ఒక్కో సంగతి చెబుతుంది. ఊదాలో నడుమ గిరగిర తిరిగే పల్సార్ (పేలిన నక్షత్రం నుంచి మిగిలిన గట్టి ముద్ద) చుట్టూ ఉన్న వలయం, ఆకుపచ్చలో బయటికి ఎగిసిన వాయువు పోగులు. ఏ ఒక్క ఫోటోలోనూ ఈ రెండూ ఇంత స్పష్టంగా పక్కపక్కన కనిపించవు.

కష్టం ఎక్కడంటే ఒక్కో టెలిస్కోపు పిక్సెల్ ఆకాశంలో ఒక్కో కొలత. అన్నిటినీ ఒకే కొలతకి తెచ్చి, తిప్పి, అప్పుడు కూర్చోబెట్టాలి. మసక ఫోటో పక్కన పదునైన ఫోటో పెడితే రంగు అంచులు దాటి పొంగుతుంది. అలాంటప్పుడు పదునైనదాన్ని వివరానికి, మసకదాన్ని రంగుకి మాత్రమే వాడతాను.

తెలుపు ఏదో ఎలా తెలుస్తుంది?

పెళ్లి ఫోటోల్లో వరుడి పంచె చూసి తెలుపు సరిచేస్తాను. పొందూరు ఖద్దరు పంచె అయితే మరీ తేలిక, అంత నమ్మకమైన తెలుపు అది. ఆకాశంలో ఆ పంచె పని సూర్యుడి లాంటి నక్షత్రాలు చేస్తాయి. అలాంటి నక్షత్రం తెల్లగా వచ్చేలా మూడు లేయర్లనీ తూచుకుంటే మిగతా నక్షత్రాల రంగులు వాటంతటవే సర్దుకుంటాయి. ఇది కంటి కాంతిలో వెడల్పు ఫిల్టర్లతో తీసిన ఫోటోలకే. సన్న ఫిల్టర్లకి ఈ లెక్క పనిచేయదు.

నక్షత్రాల రంగులు మాత్రం కంటికే తెలుస్తాయి. రోహిణి నారింజ, ఆరుద్ర, జ్యేష్ఠ ఎరుపు.

సూర్యుడు ఒక ఫోటోలో బంగారంగా, ఇంకోదాంట్లో ఆకుపచ్చగా ఎందుకు ఉంటాడు?

అరసవల్లి దర్శనం చేసుకుని వచ్చినవాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. ఏటా మార్చిలో, అక్టోబరులో ఆదిత్యుడి పాదాలని తాకే ఆ కిరణాలు అసలు అన్ని రంగులూ కలిసిన తెలుపే. నాసా వారి ఎస్‌డీఓ ఉపగ్రహం సూర్యుణ్ణి అతినీలలోహిత కాంతిలో పలు తరంగాల దగ్గర విడివిడిగా తీస్తుంది. కంటికి కనిపించని కాంతి కాబట్టి ఒక్కోదానికి ఒక రంగు గుర్తుగా పెట్టుకున్నారు. 171 ఆంగ్‌స్ట్రామ్‌లకి (పది ఆంగ్‌స్ట్రామ్‌లు ఒక నానోమీటర్) బంగారు రంగు, 304కి ఎరుపు, 94కి ఆకుపచ్చ. ఆ రంగు పేరు చీటీ లాంటిదే. ఆకుపచ్చ ఫోటో చూపించేది సుమారు 60 లక్షల డిగ్రీల వేడి ఉన్న ప్లాస్మాని (విద్యుదావేశం ఉన్న వాయువుని), బంగారు రంగుది 6 లక్షల డిగ్రీల దాన్ని.

2023 సెప్టెంబరు 2న వెళ్లిన మన ఆదిత్య ఎల్1లో సూట్ అనే పరికరం 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య 11 ఫిల్టర్లతో సూర్యుణ్ణి తీస్తోంది. వీటిలో మూడు ఎంచుకుని లేయర్లు కలపడం కొత్తవాళ్లకి మంచి సాధన. సూర్యుడి గుండ్రటి అంచు ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్ తేలిక.

మన జిల్లా నుంచి సొంతంగా తీయొచ్చా?

తీయొచ్చు. మనం 18 డిగ్రీల అక్షాంశంలో ఉండడం ఒక వరం. ఢిల్లీ వాళ్లకి దిక్కుల అంచున ఆనీ ఆననట్టుండే కెరీనా నెబ్యులా మనకి దక్షిణాన సుమారు 12 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి 9 గంటల ప్రాంతంలో కళింగపట్నం తీరాన దక్షిణం వైపు చూడండి, అటు సముద్రం కాబట్టి లైట్లు అడ్డురావు.

మొదలుపెట్టడానికి మాత్రం చలికాలంలో ఓరియన్ నెబ్యులా మేలు. డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్, ట్రైపాడ్. ఐదేసి సెకన్ల ఫోటోలు వంద తీసి ఒకదాని మీద ఒకటి పేర్చితే గరగర (ఫోటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్) పదో వంతుకి తగ్గుతుంది. మామూలు కెమెరాలో సెన్సర్ ముందు ఉండే ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపుని చాలావరకు ఆపేస్తుంది. ఎరుపు తక్కువగా వచ్చిందని బాధపడకండి. మన తీరంలో అసలు శత్రువు తేమ. అర్ధరాత్రి దాటాక లెన్స్ మీద మంచు పట్టేస్తుంది, అరగంటకోసారి టార్చ్ వేసి చూసుకోవాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు. అక్కడి మా చుట్టాలకి బియ్యం, నీళ్లు పట్టుకుని వెళ్లాను. అమావాస్య వెళ్లి నాలుగైదు రోజులే. చీకటి పడ్డాక మబ్బు విడిపోయింది, పడమర నుంచి నడినెత్తి దాకా పాలపుంత తేలింది. పడిపోయిన చెట్ల మధ్య మంచం వేసుకుని మా పిన్ని దాన్ని చూస్తూ, "చిన్నప్పుడు రోజూ ఇలాగే ఉండేది బాబూ" అంది. ఆ రాత్రి నా దగ్గర కెమెరా లేదు.

ఈ పనిలో చేయకూడనివి ఏమిటి?

లేని నక్షత్రాన్ని పెట్టకూడదు, ఉన్నదాన్ని తీసేయకూడదు. కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే వేగమైన కణాలు) సెన్సర్‌కి తగిలి పడే తెల్లగీతలు వేరు. అదే చోట తీసిన మిగతా ఫోటోల్లో అవి ఉండవు కాబట్టి తీసేయొచ్చు. నక్షత్రాల చుట్టూ కనిపించే ముళ్లు టెలిస్కోపు నిర్మాణం వల్ల వచ్చేవి, హబుల్‌కి నాలుగు, వెబ్‌కి ఆరు పెద్దవి, రెండు చిన్నవి. వాటిని అలాగే ఉంచండి. పదును పెంచుతానని చెప్పే ఏఐ టూల్స్ నేను వాడను. పెళ్లికూతురి కనురెప్పలకి అవి పనికొస్తాయేమో, కొలత తాలూకు డేటాలో లేని పోగులు అల్లేస్తాయి. కింద ఏ టెలిస్కోపు, ఏ ఫిల్టర్, ఏ రంగు అన్నది తప్పకుండా రాయండి.

ప్రింట్ తీయిస్తే నల్లగా వచ్చింది. ఎందుకు?

తెర తనే వెలుగుతుంది, కాగితం వెలగదు. నేను మొదటిసారి 20 ఇంచుల ప్రింట్‌కి ఒక ల్యాబ్‌కి పంపితే నెబ్యులా అంచులన్నీ మసిబారి వచ్చాయి. అప్పటి నుంచి ముందు పోస్ట్‌కార్డ్ సైజులో, నీడలు మూడు స్థాయిల్లో లేపి, మూడు ప్రింట్లు తీయించి చూసుకుంటున్నాను.

మా బడి పిల్లలకి ఇది చూపించాలంటే?

డెకరేషన్ షాపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం జిలేటిన్ కాగితాలు కొనండి. బల్ల మీద ఒక పండు మిరపకాయ, ఒక పచ్చి మామిడికాయ, ఒక నీలం ఇంకు సీసా పెట్టండి. ఫోన్‌ని పుస్తకాల మధ్య కదలకుండా నిలబెట్టి, వెలుతురు సెట్టింగ్ లాక్ చేసి, ఒక్కో కాగితం లెన్స్ ముందు పెట్టి మూడు ఫోటోలు తీయండి. మూడింటినీ నలుపు తెలుపులోకి మార్చి పిల్లలకి ఇవ్వండి. ఎర్ర కాగితం ఫోటోలో మిరపకాయ తెల్లగా మెరుస్తుంది, ఆకుపచ్చ దాంట్లో నల్లబడుతుంది. ఏ ఫోటో ఏ కాగితంతో తీసిందో వాళ్లనే కనిపెట్టమనండి. తర్వాత గింప్‌లో మూడు లేయర్లూ పెట్టి కలపండి. జిలేటిన్ కాగితం సరైన ఫిల్టర్ కాదు కాబట్టి రంగులు అచ్చంగా రావు, మామిడికాయ కాస్త పసుపు తిరుగుతుంది. మిరపకాయ మాత్రం ఎర్రగానే వస్తుంది.